ఎండలు ముదరకముందే అడగండి

పాఠకుల ప్రశ్నలకు, బిల్ కలెక్టరుగా చేరి మున్సిపల్ రెవెన్యూ ఆఫీసరుగా రిటైరైన మా శీర్షిక రచయిత్రి జవాబులు. ఈ నెల ఉత్తరాలన్నీ తిరుపతి, చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చాయి.

ప్రశ్న: మేడమ్, మా వారు కువైట్‌లో ఉంటారు. ఇంటి పన్ను ప్రతి ఏడాదీ మార్చిలో నేనే కడతాను. ఏప్రిల్‌లో కడితే తగ్గిస్తారని పక్కింటావిడ అంటోంది. నిజమేనా? పైగా పన్ను ఏటా పెరుగుతూనే ఉంది, ఎందుకు?
(ఒక గృహిణి, బైరాగిపట్టెడ)

జవాబు: నిజమేనమ్మా. ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుంది. మున్సిపాలిటీ లెక్కలో ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి. మీరు మార్చిలో కడుతున్నది ఏడాది చివరి పన్ను. అప్పటికి తగ్గింపు పోయి ఉంటుంది, మొదటి అర్ధ సంవత్సరం బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ కూడా పడి ఉంటుంది. మీ పన్ను ఏడాదికి 6,000 అనుకోండి. ఏప్రిల్‌లో కడితే 300 మిగులుతాయి. ఆలస్యం చేస్తే సగం బాకీ 3,000 మీద నెలకు 60 రూపాయల చొప్పున పెరుగుతూ పోతుంది. కువైట్ ఎండలో కష్టపడి పంపే డబ్బు ఇలా పోకూడదు.

ఈసారి మార్చిలో పాతది కట్టేయండి. ఏప్రిల్ రాగానే కొత్త ఏడాదిది మొత్తం కట్టండి. రెండు నెలల్లో రెండుసార్లు కట్టడం ఈ ఒక్క ఏడాదికే భారం, వచ్చే ఏడాది నుంచి వరసలో పడతారు. పాత బాకీ పెట్టుకుని తగ్గింపు అడిగితే కుదరదు, మీరు కట్టింది ముందు పాతదానికే జమవుతుంది. బాగా పాత బాకీలున్నవాళ్లు మాత్రం మార్చి నెల పేపర్లు చూస్తూ ఉండాలి. వడ్డీలో సగం మాఫీ చేస్తూ 2025 మార్చి చివర్లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అలాంటివి ప్రతి ఏడాదీ వస్తాయని మాత్రం నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక పెరగడం సంగతి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పాత అద్దె విలువ పద్ధతి పోయింది. ఇప్పుడు స్థలం, కట్టడం రెంటి విలువ మీద పన్ను వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి ఉంది. మీ నిరుటి రసీదు, ఈ ఏటి డిమాండు నోటీసు పక్కపక్కన పెట్టి చూడండి. 15 శాతం దాటితే రెండు కారణాలు ఉండవచ్చు. మీరు పైన ఒక గది వేసి ఉంటారు, లేదా కొలతలు తప్పుగా ఎక్కి ఉంటాయి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం రెండో రకమే. ఇల్లుగా వాడుకుంటున్న గదిని దుకాణం అని రాసేస్తారు, దాంతో పన్ను ఎక్కడికో పోతుంది. కమిషనరు పేరిట రివిజన్ కోరుతూ కాగితం రాసి, కొలతలు మళ్లీ తీయమని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. బిల్ కలెక్టరు వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నోటితో చెబితే అది అక్కడితోనే ఆగిపోతుంది.

కట్టడానికి ఆఫీసుకే వెళ్లాల్సిన పని లేదు. వార్డు సచివాలయంలో కట్టవచ్చు, ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 95523 00009 ద్వారా కూడా కట్టవచ్చు. ఎలా కట్టినా రసీదులో అసెస్‌మెంట్ నంబరు, అంటే ఇంటి పన్ను ఖాతా నంబరు, మీదేనా కాదా అన్నది అక్కడికక్కడే చూసుకోండి.

ప్రశ్న: మాది లోతట్టు కాలనీ. 2021 నవంబరు వానలకు ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. అప్పటి నుంచి మబ్బు పడితే మా అమ్మకు టెన్షన్. ప్రతి వేసవిలో కాలువలో పూడిక తీస్తున్నారు, అయినా వానాకాలానికి కాలువ నిండిపోయే ఉంటుంది. ఎక్కడ లోపం?
(ప్రైవేటు ఉద్యోగి, తిరుపతి)

జవాబు: బాబూ, ఆ నవంబరు నాకూ గుర్తుంది. శేషాచలం కొండల మీద కురిసిన వానంతా కపిలతీర్థం జలపాతం మీదుగా ఊళ్లోకి దిగింది. వీధులు కాలువలైపోయాయి. మీ అమ్మగారి భయం వట్టి భయం కాదు.

మీరు అడిగిన లోపం చాలామందికి తట్టదు. రాష్ట్రమంతటికీ 'రుతుపవనాలకు ముందు పూడికతీత' అని ఏప్రిల్, మే నెలల్లో పని పెడతారు. విజయవాడకూ విశాఖకూ అది సరిపోతుంది, అక్కడ జూన్‌లో వానలు మొదలవుతాయి. మన తిరుపతికి పెద్ద వానలు వచ్చేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. మేలో తీసిన కాలువ అక్టోబరు నాటికి మళ్లీ నిండుతుంది. అందుకే మన ఊరికి పూడికతీత రెండుసార్లు కావాలి, ఎండాకాలంలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి. ఆ రెండోదానికి డబ్బు కావాలంటే ఇప్పుడే, వసంతంలోనే అడగాలి. సెప్టెంబరులో అడిగితే ఈ ఏటి నిధులు అయిపోయాయన్న సమాధానం వస్తుంది.

రెండో సంగతి, తీసిన మట్టి. పూడిక తీసి కాలువ గట్టునే పోస్తారు. తడి ఆరాక లారీ వస్తుందని చెబుతారు. తడి మట్టిని వెంటనే ఎత్తడం కష్టమే, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ వారం దాటితే ఆటో చక్రాల కింద పడి, గాలికి లేచి, మళ్లీ అదే కాలువలోకి పోతుంది. కూలీలు నడుముల్లోతు మురుగులో దిగి చేసిన కష్టం వృథా. పని జరిగిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగో రోజున మట్టి ఇంకా అక్కడే ఉంటే ఆ ఫొటోతో సచివాలయంలోని శానిటేషన్ సెక్రటరీ దగ్గరికి వెళ్లండి. కాలువ గోడ కూలడం, కల్వర్టు మూసుకుపోవడం లాంటివైతే అది ఎమినిటీస్ (వసతుల) సెక్రటరీ పని. కాలువ మీద ఎవరైనా మెట్లో ర్యాంపో కట్టి మూసేస్తే ప్లానింగ్ సెక్రటరీని కలవాలి. ఈ ముగ్గురిలో ఎవరిని కలవాలో తెలియక జనం అడ్మిన్ సెక్రటరీ దగ్గర నిలబడి, చూద్దాంలే అనిపించుకుని తిరిగి వస్తున్నారు.

మూడో సంగతి చెబితే మీ వీధివాళ్లకు కోపం రావచ్చు. ఉగాదికి ఇల్లు దులిపి పాత పరుపులు, చిరిగిన గోనెలు, పగిలిన ప్లాస్టిక్ బకెట్లు అన్నీ కాలువ గట్టున పెట్టేది మనమే. ఒక్క పరుపు చాలు, కల్వర్టు మూసుకుపోవడానికి. పండక్కి ముందు వారమే వీధిలో పదిళ్లవాళ్లు మాట్లాడుకుని, పెద్ద సామాను ఒకచోట చేర్చి, బండి పంపమని శానిటేషన్ సెక్రటరీని అడగండి. 2025 జనవరి నుంచి నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ రోజు అధికారులు చీపుర్లు పట్టుకుని వీధుల్లోకే వస్తారు. మీ కాలువ దగ్గరికి రమ్మని ముందే కాగితం ఇచ్చి పిలవండి. పిలిచిన వీధికి వస్తారు, నేను ఉద్యోగంలో ఉండగా అలాగే వెళ్లాను.

ప్రశ్న: మా కాలనీ సంఘానికి ఈ ఏడు నన్ను కార్యదర్శిని చేశారు. పార్కులో లైట్లు, నడిచే బాట అడుగుతూనే ఉన్నాం. 'బడ్జెట్‌లో పెట్టాం' అంటారు, పని మాత్రం కాదు. బడ్జెట్‌లో పెడితే పని అయినట్టు కాదా?
(రిటైర్డ్ టీచరు, ఎం.ఆర్.పల్లి)

జవాబు: కాదు మాస్టారూ. బడ్జెట్‌లో పెట్టడమంటే ఫలానా పద్దు కింద ఇంత ఖర్చు చేయవచ్చని అనుకోవడం మాత్రమే. మీ పార్కు పేరు అందులో ఉందో లేదో కూడా చెప్పలేం. చాలాసార్లు 'పార్కుల అభివృద్ధి' అని ఒకే పద్దు ఉంటుంది. అందులోంచి ఏ పార్కుకు వెళ్తుందో తర్వాత తేలుతుంది.

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. బడ్జెట్ అంతకుముందే ఆమోదం పొందుతుంది, ప్రతిపాదనలు సంక్రాంతికి అటూ ఇటూ తయారవుతాయి. కాబట్టి కొత్త పద్దు పెట్టించే పని వచ్చే సంక్రాంతి ముందు చూసుకుందురు గాని. ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఆమోదం పొందిన పద్దులో మీ పని ఎక్కడుందో పట్టుకోవడం. ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లి నాలుగే అడగండి. ఎస్టిమేట్ వేశారా? పరిపాలనా అనుమతి వచ్చిందా? టెండరు పిలిచారా? వర్క్ ఆర్డరు ఇచ్చారా? పని ఈ నాలుగింట్లో ఏదో ఒక చోట ఆగి ఉంటుంది. 'మా పార్కు ఏమైంది' అని అడిగేవాళ్లు వందమంది వస్తారు. 'ఎస్టిమేట్ అయిందా, అనుమతి దగ్గర ఆగిందా' అని అడిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కుర్చీ ముందుకు జరుపుకుని ఫైలు తీస్తారు. ఇది నేను కళ్లారా చూసింది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా కనుక్కోండి. మన పన్నులతో వచ్చే సాధారణ నిధుల నుంచా, ఆర్థిక సంఘం గ్రాంటు నుంచా? ఆర్థిక సంఘం డబ్బులో కొంత భాగం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉంటుంది, దాన్ని పార్కు లైట్లకు వాడలేరు. అది తెలియక 'కోట్లు వచ్చాయి, మాకేం చేయలేదు' అని ఎన్నో సంఘాలు గొడవ పడుతుంటాయి.

నోటి మాటకు జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. దరఖాస్తులో 'ఎందుకు చేయలేదు' అని రాయకండి, ఆ ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఎస్టిమేట్ నకలు, అనుమతి ఉత్తర్వు నకలు, పని జరిగి ఉంటే ఎం.బుక్ నకలు అడగండి. ఎం.బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. అందులో నడిచే బాట 200 మీటర్లని ఉండి, మీరు అడుగులు వేసి కొలిస్తే 140 వచ్చిందనుకోండి, ఆ తర్వాత ఏం అడగాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మా కుర్రాళ్ల బృందం ఈ వేసవిలో చలివేంద్రం పెట్టాలనుకుంటోంది. అనుమతి కావాలా? ఎలా నడపాలి?
(డిగ్రీ విద్యార్థి, కొర్లగుంట)

జవాబు: చాలా సంతోషం తమ్ముడూ. రోడ్డు పక్కన పందిరి వేస్తారు కాబట్టి కార్పొరేషన్‌కు, ట్రాఫిక్ పోలీసులకు ఒక్కో కాగితం ఇవ్వండి. ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమించకుండా, బస్సు ఆగే చోటికి పది అడుగులు పక్కకు వేసుకోండి. రుయా ఆసుపత్రి వైపు అయితే మరీ మంచిది. చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులతో వచ్చినవాళ్లు బయట చెట్టు కింద గంటల తరబడి కూర్చుంటారు, వాళ్లలో చాలామందికి నీళ్ల బాటిలు కొనే స్తోమత ఉండదు.

నా బాధ ఒకటి చెబుతాను. ఏప్రిల్ మొదటి వారంలో ప్రతి సెంటర్‌లోనూ ఫ్లెక్సీ, రిబ్బను, ఫొటోలు. మే రెండో వారంలో, అసలు దాహం వేసే రోజుల్లో, అవే పందిళ్ల కింద కుండలు బోర్లించి ఉంటాయి. మీరు పెడితే జూన్ దాకా నడిపేలా పెట్టండి, లేదంటే ఆ డబ్బు నడిపేవాళ్లకు ఇవ్వండి. రోజుకు ఇద్దరు చొప్పున పేర్లు రాసి పందిట్లో అంటించండి. పరీక్షలున్న పిల్లలకు ఆ రోజుల్లో డ్యూటీ వేయొద్దు.

కుండలు కొత్తవైతే రెండు మూడు రోజులు నీళ్లు నింపి వంపేయండి, మట్టి వాసన పోతుంది. మూత ఉండాలి, నీళ్లు ముంచడానికి పొడుగు కాడ గరిటె ఉండాలి, గ్లాసు కుండలో ముంచకూడదు. ట్యాంకరు నీళ్లు తెప్పిస్తే క్లోరిన్ చూడమని సచివాలయంలో అడగండి. క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది, అందులో చుక్కల మందు వేస్తే నీళ్ల రంగు మారుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ప్లాస్టిక్ గ్లాసులు పెట్టకండి. వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. స్టీలు గ్లాసులు ఇరవై కొనుక్కోండి, కడగడానికి ఒక బకెట్ వేరుగా పెట్టండి. మజ్జిగ పోసే రోజు ఉంటే మధ్యాహ్నం రెండు లోపే అయిపోయేలా చేసుకోండి, ఆ ఎండలో అంతకు మించి నిలవదు.

ప్రశ్న: మేం బెంగళూరులో స్థిరపడ్డాం. ఈసారి పిల్లలకు గంగమ్మ జాతర చూపించాలని ఉంది. ఏ రోజు వస్తే బాగుంటుంది? మా వీధివాళ్లతో కలిసి అంబలి పోయాలని కూడా అనుకుంటున్నాం, దానికేమైనా నియమాలున్నాయా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సొంతూరు తిరుపతి)

జవాబు: రా తల్లీ, పిల్లల్ని తీసుకునే రా. తాతయ్యగుంట గంగమ్మ జాతర మేలో వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. చాటింపు అయ్యాక ఊళ్లోవాళ్లు పొలిమేర దాటి రాత్రి బస చేయకూడదనేది పాత కట్టుబాటు. అది వినగానే మా ఇంట్లో ప్రయాణాలన్నీ ఆగిపోయేవి.

మర్నాటి నుంచి రోజుకో వేషం. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు. ఆ మంగళవారం జాతర, పొంగళ్లు. మర్నాడు తెల్లవారుజామున అమ్మవారి విశ్వరూప దర్శనం. పాలెగాణ్ని వెతుక్కుంటూ అమ్మవారు మారువేషాల్లో తిరిగి, చివరికి వాణ్ని చంపిందని కథ. ఆడపిల్లల్ని వేధించినవాడికి ఊరు విధించిన శిక్ష ఇది. కైకాల వంశంవాళ్లు ఆ వేషాలు కట్టి ఇంటింటికీ తిరుగుతారు, గుమ్మాల్లో హారతులు పడతారు. గంగమ్మ శ్రీవారికి చెల్లెలు కాబట్టి తిరుమల నుంచి సారె వస్తుంది.

పిల్లలకైతే శనివారం, ఆదివారం మంచివి, మీకు సెలవులూ కలిసొస్తాయి. అయితే వేషం కట్టించాలంటే మొదటి రోజు బుధవారమే రండి. బైరాగి వేషానికి ఒంటినిండా నామకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్లమట్టి) పూస్తారు, మెడలో రేలకాయల దండ వేస్తారు. చిన్నపిల్లలకు అది చల్లగా ఉంటుంది. తోటి వేషానికి బొగ్గుపొడి, వేపాకు. మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకోవడం చూసి పిల్లలు అడుగుతారు, మొక్కు సంగతి వాళ్లకు చెప్పండి. వేషగాళ్లు బూతులు తిట్టడం కూడా ఆచారంలో భాగమే, ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే మీ పిల్లలు బెదిరిపోతారు. రంగులు మాత్రం సహజమైనవే వాడండి. ప్యాకెట్లలో వచ్చే ముదురు రంగు కుంకుమ లేత చర్మాన్ని మండిస్తుంది.

అంబలి పోయడం గురించి. వందమంది దాటి జనం చేరే కార్యక్రమమైతే, కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. చెత్త అక్కడికక్కడే తడి, పొడి వేరు చేసే బాధ్యత నిర్వాహకులదే. ఈ మాట ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది. ఎవరూ పాటించడం లేదని మీరూ వదిలేయకండి. ముందే చెబితే మీకే లాభం, మీ పందిరి దగ్గరికి చెత్త బండి ఏ వేళకు రావాలో వాళ్లు రాసుకుంటారు. అంబలి కాబట్టి స్టీలు గ్లాసులు సరిపోతాయి. పొంగలి కూడా పెడితే అడ్డాకు దొన్నెలు తెప్పించండి. మైకు పెడితే పోలీసు అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మామూలుగా మైకుకు అనుమతి లేదు. పండగ రోజులకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే అది కూడా అర్ధరాత్రి వరకే.

ఇంకో మాట. జాతర వారంలో రోడ్లూడ్చే అక్కలు, తమ్ముళ్లు అందరికంటే ఎక్కువ పని చేస్తారు. పొంగళ్ల బూడిద, వేప మండలు, కొబ్బరి చిప్పలు, అన్నీ వాళ్లే ఎత్తాలి. తెల్లవారుజామున జనం విశ్వరూప దర్శనానికి వెళ్తుంటే వాళ్లు ఎదురుగా చీపురు పట్టుకుని వస్తుంటారు. మీ అంబలి మొదటి గ్లాసు వాళ్లకు పోయండి. వాళ్లు వచ్చి వరసలో నిలబడరు, మొహమాటపడతారు. మీరే తీసుకెళ్లి చేతికివ్వండి.

ప్రశ్న: జాతరకూ ఉగాదికీ మా ఇంటి ముందు వేపచెట్టును విరిచి మోడు చేస్తున్నారు. పైగా పక్కింటాయన ఆకులు రాలుతున్నాయని కొట్టేయించాలంటున్నాడు.
(ఒక పెద్దాయన, జీవకోన)

జవాబు: రోడ్డు మీది చెట్టు ఆయన సొత్తు కాదు, మీ సొత్తూ కాదు. అనుమతి లేకుండా కొట్టడం నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద నేరం. ఆ మాట ఆయనకు మెల్లగా చెప్పండి, వినకపోతే ప్లానింగ్ సెక్రటరీకి రాసివ్వండి. పువ్వు కోసం వచ్చేవాళ్లతో గొడవ వద్దు. పండగ ముందు రోజు మీరే ఒక పట్టా కింద పరిచి, పొడుగు కర్రతో రెబ్బలు కదిపించి, రాలిన పువ్వు వీధికి పంచండి. కొమ్మ విరవాల్సిన అవసరమే రాదు.

ప్రశ్న: బడులకు సెలవులివ్వగానే పిల్లలు వీధిలో కుక్కల మధ్య ఆడుతున్నారు. భయంగా ఉంది.
(ఇద్దరు పిల్లల తల్లి, కరకంబాడి రోడ్డు)

జవాబు: ముందు ప్రాణం సంగతి. కుక్క కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, కారుతున్న కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, టీకా ఉచితం. మొదటి సూది వేయించి మిగతావి మానేయడం పెద్ద ప్రమాదం, డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. చిన్నపిల్లలు దెబ్బలు పడతాయని చెప్పకుండా దాస్తారు. కరిస్తే తిట్టను, కొట్టను అని మీ పిల్లలకు ఈ రోజే చెప్పండి.

కుక్కల విషయానికొస్తే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత కార్పొరేషన్‌దే. ఆపరేషనైన కుక్కకు చెవి కొస కత్తిరించిన గుర్తు ఉంటుంది. మీ వీధిలో గుర్తు లేనివి ఎన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్య రాసి ఫిర్యాదు ఇవ్వండి. మాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు మీద పడుతుంటే అది కూడా అందులోనే రాయండి, కుక్కలు అక్కడ గుంపులు కట్టేది దానికోసమే.

పిల్లల్ని పగలంతా ఎండలో వదలకుండా దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి పంపండి. సెలవుల్లో అక్కడ వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు, పుస్తకాలు చదివిస్తారు, కథలు చెబుతారు, బొమ్మలు వేయిస్తారు. ఫీజు లేదు. ఫీజు మీరు ముందే కట్టారు, మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పిల్లలు రాకపోతే శిబిరం పేరుకే జరుగుతుంది. మీ వీధి పిల్లల్ని నలుగుర్ని కలిపి పంపితే లైబ్రేరియన్‌కూ ఉత్సాహం వస్తుంది.

ప్రశ్న: పాపను జూన్‌లో బడిలో చేర్చాలి. పుట్టిన సర్టిఫికెట్‌లో పాప పేరే లేదు, 'ఆడ శిశువు' అని ఉంది. బడివాళ్లు తిప్పి పంపుతారా?
(ఆటో డ్రైవరు, అక్కారంపల్లె)

జవాబు: పంపకూడదన్నా. వయసు కాగితం లేదని బడి ప్రవేశం నిరాకరించకూడదని విద్యా హక్కు చట్టంలోనే ఉంది. అయినా పేరు చేర్పించేయండి. పుట్టినట్టు నమోదైన ఏడాదిలోపు అయితే ఫీజు లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు చిన్న ఆలస్య రుసుముతో చేరుస్తారు. ఇంటిపేరు, అక్షరాలు మీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయించండి. ఇప్పుడు ఒక్క అక్షరం తేడా వస్తే పదో తరగతి దాకా వెంటాడుతుంది. జూన్ 12న బడులు తెరిచే వారంలో పుట్టిన సర్టిఫికెట్ల కౌంటరు దగ్గర నిలబడే చోటుండదు. ఏప్రిల్‌లో ఒక పూట బేరం వదులుకుంటే పనైపోతుంది.

ప్రశ్న: కౌన్సిల్ పదవీకాలం ముగిసిపోతే, కార్పొరేటర్ లేని రోజుల్లో మా గోడు ఎవరికి చెప్పుకోవాలి?
(పూల వ్యాపారి, తిరుపతి)

జవాబు: పాలకవర్గం లేనప్పుడు ప్రత్యేకాధికారి ఉంటారు, కౌన్సిల్ అధికారాలు ఆయన చేతిలో ఉంటాయి. కాబట్టి మీ కాగితం ఆగాల్సిన కారణం లేదు. మొదట వార్డు సచివాలయం, అక్కడ కాకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఉదయమే వెళ్లండి. ఒక కాగితంలో ఒకే సమస్య రాయండి, నాలుగు కలిపి రాస్తే నాలుగు విభాగాల మధ్య తిరుగుతుంది. మీ వీధి పేరు, ఇంటి నంబరు, సమస్య మొదలైన తేదీ, ఫొటో ఉండాలి. ఇచ్చాక నమోదు నంబరు తీసుకోకుండా బయటకు రావద్దు. 'పరిష్కరించాం' అని ఫోనుకు మెసేజ్ వచ్చి, అక్కడ చూస్తే పని కాలేదనుకోండి, ఊరుకోకండి. అదే నంబరు చూపించి మళ్లీ తెరిపించమని అడగవచ్చు, తెరుస్తారు.

పూల బజారువాళ్లు ఒక్కొక్కరే వెళ్లి వస్తున్నట్టు మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. ఈసారి ముగ్గురు కలిసి వెళ్లండి. ఒకరు మాట్లాడండి, ఒకరు అధికారి చెప్పిన తేదీ రాసుకోండి, మూడో వాళ్లు ఆ తేదీకి మళ్లీ వెళ్లే పూచీ తీసుకోండి.